నడిమి పొర

ఒకటో మాట. బిడ్డ తూకం కిలో మూడు వందలు.

పొరల శాఖవారికి, మెట్టవలస కొండ మీద ఆరో మెట్టులో ఉంటున్న సవలాపురపు కూర్మమ్మ చెప్పేది. రాసేది కాదు, చెప్పేది. నాకు రాత రాదు. డెబ్బై ఎనిమిదేళ్ళు దాని అవసరం రాలేదు, మీ నోటీసు వచ్చేదాకా.

మీ మనిషి వచ్చి నా ఎడమ మణికట్టుకి ఈ పట్టీ చుట్టి వెళ్ళాడు. ఉల్లిపొర అంత పల్చగా ఉంది. నేను మాట్లాడితే తనే అక్షరాలు కట్టుకుంటుందట. "విచారణకి ఇరవై రెండు రోజులుంది మామ్మా, దీనికి నీ గోడు చెప్పుకో" అన్నాడు. గోడు కాదు నాయనా, నా వాదం అన్నాను. ఆ మాట కూడా పడిందో లేదో చూడు అన్నాను. చూసి, పడింది అని నవ్వి వెళ్ళాడు.

నా మీద నేరం ఇది. పురిటింట్లో నెలలు నిండని పిల్లలకి చుట్టే నాడిపొరని, శాఖ ముద్ర ఉన్నదాన్ని, నేను విప్పాను. పాత చీరల మధ్య పెట్టి సూదితో బొంత కుట్టాను. నిజమే, కుట్టాను. ఒకటి కాదు, ముప్పై ఒకటి. దొంగతనంగా కూడా కాదు, పురిటింటి అరుగు మీద నలుగురూ చూస్తుండగా కూర్చుని కుట్టాను.

ఆ ముప్పై ఒకటో బొంతలో ఇప్పుడు మా పక్కింటి తవిటమ్మ కొడుకున్నాడు. ఏడో నెలలో పుట్టాడు, నా చేతి మూరెడు కూడా ఉండడు. కిలో ఎనిమిది వందలకి వచ్చేదాకా వాడు బొంతలోనే ఉండాలి. ఊపిరి తియ్యడం మరిచిపోతే బొంత అరుస్తుంది, నర్సు పరిగెత్తుకొస్తుంది. మీరేమో ఆ బొంత తీసెయ్యాలంటున్నారు. నన్నేం చేసుకుంటారో చేసుకోండి. బొంత మాత్రం ఇవ్వను.

రెండో మాట. కిలో మూడు వందల నలభై.

మొదటి బొంత ఎలా కుట్టానో చెబుతాను. మూడేళ్ళయింది. సముద్రం పాత ఊరిని తీసుకున్నాక మేమంతా కొండెక్కి, వాలుని మెట్లుగా చదును చేసి ఇళ్ళు వేసుకున్న రెండో ఏడు అది. అప్పటికే ఇంటింటా పొరలు వచ్చేశాయి. కప్పు మీద ఎండపొర, గోడకి దీపంపొర, బిందెలో ఉప్పుపొర. నీళ్ళలో ఉప్పెక్కితే బిందె అంచున ఎర్ర గీత వస్తుంది. చదువుకున్నవాళ్ళు అబ్బురపడ్డారో లేదో నాకు తెలీదు. నేను మాత్రం మా దీపంపొరని చాపలా చుట్టి చంకన పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి, పరిచి, దాని వెలుగులో చింతపండు గింజలు తీశాను. మళ్ళీ చుట్టాను, మళ్ళీ పరిచాను. చేతిలో మడతపడే దీపం. నాకు పట్టరానంత ముచ్చటేసింది.

అప్పుడే పురిటింటికి నాడిపొరలు వచ్చాయి. తళతళమంటున్నాయి, చుట్టూ ముద్ర. నర్సు ఎస్తేరు రాణి మంచిది. బాప్టిస్టుల పిల్ల, నన్ను పెద్దమ్మా అంటుంది. ఒకటి తీసి పసిగుడ్డుకి చుట్టబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఏటే ఇది? కొత్తదేనా?"

"బాక్సులోంచి ఇప్పుడే తీశాను పెద్దమ్మా."

"పురుడు వెళ్ళకుండా పసిబిడ్డ మీద కొత్త బట్ట వేస్తావా?"

"ఇది బట్ట కాదు, పొర."

"ఒంటికి చుడితే బట్టే."

మా కొండ మీద ఏ అమ్మమ్మా ఒప్పుకోలేదు. పుట్టిన బిడ్డకి మొదట పాత బట్టే వెయ్యాలి. నలుగురు కట్టి, ఉతికి ఉతికి మెత్తబడినదై ఉండాలి. కొత్తది వేస్తే దిష్టో, ఒరుసుకుపోవడమో, ఏదో ఒకటి. ఎందుకని అడిగితే నాకూ తెలీదు. మా అమ్మ చెప్పింది. ఎస్తేరు ఏడుపు మొహం పెట్టింది. పొర చుట్టకపోతే బిడ్డ దక్కదు, చుడితే తల్లులు ఒప్పరు. నేనే దారి చెప్పాను. పొరకి ఇటొక పాత చీర ముక్క, అటొక పాత చీర ముక్క వేసి బొంత కుడితే సరి. పొర కొత్తదే, బిడ్డకి తగిలేది పాతదే. దేవుడికీ డాక్టరుకీ ఇద్దరికీ సమాధానం.

పొరని ఎండకి ఎత్తిపట్టి చూశాను. లోపల తీగలు రావి ఆకు ఈనెల్లా ఉన్నాయి. ఎక్కడ సూది దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో వేళ్ళతో తడిమి గుర్తుపెట్టుకున్నాను. చీర కప్పేశాక కళ్ళకి కనపడదు, వేలికి తెలుస్తుంది. ఈనెల మధ్య నుంచి వంకరటింకరగా కుట్టు వేశాను. ఒక్క తీగ తెగలేదు. పాత చీర గుండా నాడి వినపడుతుందా అని ఎస్తేరు అనుమానం. వినపడింది. అందుకే అంటున్నాను, నేను చేసింది తప్పే.

మూడో మాట. కిలో నాలుగు వందలు.

ముందు ఒక సంగతి. ఇవాళ ఎస్తేరుని నేను చెప్పిందంతా చదివి వినిపించమన్నాను. పైన చివరి మాట దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, ఇక్కడ 'నేను చేసింది తప్పే' అని ఉంది."

"నేనలా అనలేదే."

"మరేమన్నారు?"

"'తప్పేం కాదు' అన్నాను."

"'తప్పే' వరకే ఉంది. తరవాత ఏమీ లేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ పట్టీ నా చేత నేరం ఒప్పిస్తోంది. మళ్ళీ చెప్పి చూశాను. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని 'కాదు' అంటే పడింది. మామూలుగా మాట్లాడితే పడలేదు. తవిటమ్మ పక్కన కూర్చుని పాలు పిండుతూ నన్నే చూస్తోంది. ఈ పిల్లకి ముందు పుట్టినవాళ్ళు ఇద్దరు పోతే, దీన్ని తవుడుకి అమ్మి మళ్ళీ కొనుక్కుంది వాళ్ళమ్మ. ఆ పేరే ఉండిపోయింది. పెద్దగా మాట్లాడదు కానీ దాని కళ్ళు మహా చురుకు.

"మామ్మా, నువ్వు కాదు అన్నప్పుడల్లా చెయ్యి తిప్పుతున్నావు" అంది.

చూసుకున్నాను. నిజమే. లేదు, కాదు, వద్దు, వీటిలో ఏది అన్నా మణికట్టు దగ్గర చెయ్యి గిర్రున తిరిగిపోతోంది. మా అమ్మా అంతే, మా ఊళ్ళో అందరం అంతే. పట్టీ కొత్తలో తట్టుకుంది కాబోలు, ఇప్పుడు లోపలి తీగ పగిలింది. చెయ్యి మెలి తిరిగినప్పుడల్లా ఆ పగులు విచ్చుకుంటోంది, ఆ మాట పోతోంది. పోయేదేమో ఎప్పుడూ ఆ ఒక్క మాటే.

కనక ఇక్కడ నిదానంగా, చెయ్యి కదపకుండా మళ్ళీ చెబుతున్నాను. నేను చేసింది తప్పేం కాదు. ఈ పట్టీ రోగానికి మందు నా దగ్గరుంది. ఆ సంగతి విచారణలో చెబుతాను.

నాలుగో మాట. కిలో నాలుగు వందల డెబ్బై.

ఇవాళ నాకు తిండి సయించలేదు, సంతోషంతో. ఎందుకో చెబుతాను.

పురిటింట్లో ముద్ర విప్పని నాడిపొర ఎన్నాళ్ళు బతుకుతుందని ఎస్తేరుని అడిగాను. ఐదు వారాలు, మహా అయితే ఆరు అంది. రెండు గంటలకొకసారి పాలకి బిడ్డని తీస్తారు, పొర మడిచి పక్కన పెడతారు, మళ్ళీ చుడతారు. ఉతకడం సరేసరి. మడతలో తీగ పగిలి చచ్చిపోతుంది. నా బొంతలు? మొదటిది మూడేళ్ళుగా వాడుతున్నారు. పంతొమ్మిది మంది పిల్లలు ఎక్కి దిగారు. ఇంకా నాడి వింటోంది.

ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. చీర గొప్పదనం అనుకున్నాను. ఇవాళ బట్టలు మడతపెడుతుంటే తట్టింది. ఎనిమిది మడతల పాత చీరని ఒళ్ళో పెట్టుకుని విల్లులా వంచాను. పై మడత లాగినట్టు బిగిసింది. కింది మడత ముడతలు పడింది. నడిమి మడత మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంది. సాగలేదు, నలగలేదు. ఇంకో వైపు వంచాను. ఈసారి పైదీ కిందదీ కష్టాలు మార్చుకున్నాయి. నడిమిది మళ్ళీ అలాగే ఉంది.

"తవిటీ, ఇలా రా" అని కేకేశాను. వంచి చూపించాను.

"నడిమిదానికి ఏ బాధా లేదు మామ్మా" అంది.

"మన ఉమ్మడి కాపరాల్లో నడిపి కోడలిలాగ" అన్నాను.

"నేను నడిపి కోడలినే. నాకు బాధ లేదని ఎవరు చెప్పారు?" అంది. పురుడొచ్చిన ఈ మూడు వారాల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి.

శాఖవారూ, మీరు పొరని వట్టిగా బిడ్డకి చుడుతున్నారు. ఎటు వంచినా బాధ దానిదే. నేను చాదస్తంతో దాన్ని నడిమికి తోశాను. నేను తెలివైనదాన్నని చెప్పడం లేదు. కొత్త బట్ట తగలకూడదనే కుట్టాను. కానీ ఇప్పుడు నాకు తెలిసిపోయింది. తెలిసినప్పటి నుంచీ కాలు నిలవడం లేదు. అలా అయితే చేపలవాళ్ళ చొక్కాలో పెట్టొచ్చు, అలలో పడితే ఒడ్డుకి చెబుతుంది. చక్కెర జబ్బువాళ్ళ చెప్పులో పెట్టొచ్చు, పుండు పడకముందే మడమ మాట్లాడుతుంది. చూడి గేదె పొట్టకి కట్టొచ్చు. ఇవాళంతా మెట్లెక్కి దిగుతూ కనపడినవాళ్ళందరికీ చెప్పాను. అందరూ మజ్జిగ తాగమన్నారు.

ఐదో మాట. కిలో ఐదు వందల ముప్పై.

మీ అధికారి మేదిని గారు దోనె దిగి కొండెక్కి వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో, చెప్పుల నిండా బురద. నన్ను మామ్మగారూ అన్నారు, అరుగు మీద నా పక్కనే కూర్చున్నారు. మనిషి మీద నాకు కోపం లేదు.

"మామ్మగారూ, మీ సూది ఒక్కసారి తీగ మీద పడిందనుకోండి. బిడ్డ ఊపిరి ఆగినా బొంత అరవదు. అందుకే ముద్ర. ఆ ముద్రకి మేం పూచీ. మీ కుట్టుకి ఎవరు పూచీ?"

"నేను."

"మీరు ఎన్నాళ్ళుంటారు?"

"మీ పొర కంటే ఎక్కువే."

ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి కొత్త నాడిపొర తీసి ఎస్తేరు చేతికిచ్చారు. విచారణ తేలేదాకా బిడ్డకి ఇదే చుట్టాలని కాగితం ఇచ్చారు. తవిటమ్మ బిడ్డని గుండెలకి అదుముకుని గోడ వైపు తిరిగిపోయింది. నేను లేచాను. నా నోట్లోంచి ఏమొచ్చేదో, ఎస్తేరు నా భుజం నొక్కింది.

ఆవిడ దోనె కదిలాక ఎస్తేరు కాగితం రెండుసార్లు చదివింది. "కొత్త పొర చుట్టమని ఉంది పెద్దమ్మా. బొంత కప్పొద్దని లేదు."

కనక వాడికి ఒంటి మీద మీ పొర, ఆ పైన నా బొంత. పుట్టాక మొదటిసారి కొత్తది తగిలింది. దిష్టి తీశాను, నా ప్రాణం కుదుటపడలేదు.

ఆరో మాట. కిలో ఆరు వందల ఇరవై.

ఇది జాగ్రత్తగా వినండి.

పట్టపగలు. ఎస్తేరు పక్క గదిలో ఇంకో పురుడు చూస్తోంది. తవిటమ్మ అన్నం తింటోంది. నేను బిడ్డ దగ్గర కూర్చుని వాడి మీదున్న ముప్పై ఒకటో బొంతకి అంచు సరిచేస్తున్నాను.

బొంత అంచు ఎత్తితే మీ పొర మీద వెలుగులో అంకెలు కనపడతాయి. నాకు అంకెలు చదవడం రాదు. చూపు మాత్రం ఉంది. ఆ అంకెలు మామూలుగా ఒక చోట కూర్చోవు, బారులు కట్టిన చీమల్లా కదులుతూనే ఉంటాయి. పొద్దున్నుంచీ కదలడం లేదు. ఒక నిలువు గీత, పక్కన కుర్చీ లాంటిది, దాని పక్కన బాతు. అదే బొమ్మ. బిడ్డ ఏడ్చినా అదే, పాలు తాగినా అదే. తరవాత ఎస్తేరు చెప్పింది, అది నూట నలభై రెండట. నాడి బాగుందని అర్థమట.

"ఓలే తవిటీ, ఈ బాతు పొద్దున్నుంచీ కదల్లేదే" అన్నాను. అంటుండగానే నా బొంత అరిచింది.

మీ పొర నూట నలభై రెండు అనే చూపిస్తోంది. బిడ్డ పెదవులు నేరేడు రంగు. తవిటమ్మ కంచం ఎటు పోయిందో తెలీదు. నేను పొరా బొంతా తీసి పక్కన పెట్టాను. ఎస్తేరు వచ్చేలోపు నాకు తెలిసింది నేను చేశాను, అరికాలి మీద వేలితో కొట్టాను. ఒకటి. రెండు. ఎస్తేరు వచ్చి వీపు రుద్దింది. మూడోదానికి వాడు మొహం చిట్లించి, మమ్మల్నందర్నీ తిట్టినట్టు ఒక ఏడుపు ఏడ్చాడు.

తవిటమ్మ నేల మీద కూలబడింది. ఎస్తేరు మీ పొరని ఎండకి ఎత్తిపట్టి చూసింది. మడత దగ్గర ఈనె పగిలింది. చచ్చిపోయి కూడా చివర చూసిన అంకెనే చూపిస్తూ ఉంది. బతికున్నానని అబద్ధం చెబుతూ ఉంది.

మీరిచ్చి తొమ్మిది రోజులు కాలేదు. ఇప్పుడు చెప్పండి, పూచీ ఎవరిది?

ఏడో మాట. కిలో ఎనిమిది వందల పది.

ఇవాళ విచారణ. పురిటింటి అరుగు మీదే పెట్టమన్నాను, పెట్టారు. ఆరు మెట్ల జనమూ వచ్చారు.

మేదిని గారు మడత మర తెచ్చారు. గుడ్డ పెడితే వంచి చాపుతూ ఉంటుంది. ముందు ముద్ర ఉన్న కొత్త పొర పెట్టారు. పిల్లలు గొంతెత్తి లెక్కపెట్టారు. నాలుగు వందల పన్నెండు దగ్గర అది ఆగింది. తరవాత నా మొదటి బొంత. వెయ్యి దాకా లెక్కపెట్టి పిల్లలు అలిసిపోయారు, పెద్దవాళ్ళు అందుకున్నారు. అందరూ అన్నాలకి వెళ్ళొచ్చారు. మర తిరుగుతూనే ఉంది, బొంత వింటూనే ఉంది. మేదిని గారు ఒక్క మెతుకు ముట్టలేదు, చూపు తిప్పలేదు. చివరికి మరే వేడెక్కి ఆగింది.

"ఇది నడిమిలో పెట్టాలని మీకెవరు చెప్పారు?" అని అడిగారు.

"మా అమ్మ. పసిబిడ్డకి కొత్త బట్ట తగలకూడదంది."

ఆవిడ తొమ్మిది రోజులు కూడా బతకని ఆ పొరని ఒళ్ళో పెట్టుకుని మడత దగ్గర గోటితో రాస్తూ కూర్చున్నారు. తరవాత తల ఎత్తకుండానే, "బిడ్డకి చుట్టమని ఇచ్చింది నేనే" అన్నారు. తవిటమ్మ లేచి వెళ్ళి ఆవిడకి మంచినీళ్ళిచ్చింది.

నీళ్ళు తాగి ఆవిడ మళ్ళీ అధికారి అయ్యారు. "ఒక ప్రశ్న అడగక తప్పదు. నోటీసు వచ్చాక శాఖ వస్తువు దేన్నైనా విప్పి కుట్టారా?"

జనమంతా నా వైపు చూశారు. ఎస్తేరు తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని.

"కుట్టాను" అన్నాను. జాకెట్టు చెయ్యి పైకి తోసి మణికట్టు చూపించాను.

మీ పట్టీని మూడో మాట చెప్పిన నాడే ఊడదీసి, మా అమ్మ పాత చీర పేలికల మధ్య పెట్టి, ఎరుపు దారంతో కుట్టేసుకున్నాను. అప్పటి నుంచీ ఒక్క మాట పోలేదు. ఎందుకు కుట్టానో చెప్పాను. కాదు అన్నప్పుడల్లా చెయ్యి తిప్పుతాం, తిప్పినప్పుడల్లా కాదు పోతుంది.

మేదిని గారు నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. కుట్టు మీద వేలు పెట్టి మెల్లగా నొక్కి చూశారు. 

"ఈ పట్టీలు రాత రానివాళ్ళకి ఎనిమిదేళ్ళుగా ఇస్తున్నాం" అన్నారు. "చాలామంది వాదాల్లో నేరం తామే ఒప్పుకున్నట్టు ఉంటుంది. 'తీసింది నేనే.' 'పొలం వాళ్ళదే.' మేం నమ్మాం."

 నాలుగో మెట్టు అప్పలకొండ లేచి నిలబడ్డాడు. చేపల వలల చోటు అతను పోగొట్టుకుని ఐదేళ్ళయింది. "అమ్మా, ఆ చోటు నాది కాదు అని నేనెప్పుడూ అనలేదు. వాళ్ళది కాదు అన్నాను" అన్నాడు. చెప్పేటప్పుడు అతని చెయ్యి గాలిలో తిరిగింది. అందరం ఆ చేతినే చూశాం.

మేదిని గారు కాగితం తీసి అక్కడే రాసి చదివి వినిపించారు. బిడ్డ బొంత బిడ్డకే. మిగతా ముప్పై బొంతల మీద నేరం లేదు. పాత వాదాలన్నీ మళ్ళీ వింటారు. వినేముందు పట్టీలన్నీ ఇక్కడికి పంపుతారు, నడిమి పొరగా కుట్టడానికి. కుట్టడం తెలిసిన ఆడవాళ్ళు కొండ మీద ఎంతమంది ఉన్నారని అడిగారు. అందరూ ఒకేసారి చెయ్యెత్తారు. తవిటమ్మ కూడా ఎత్తింది, దానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నేర్పుతాను.

కాగితం కింద వేలిముద్ర వెయ్యమన్నారు. వేశాను. దాన్ని సరిచూసే మీ పలక నా వేలిని గుర్తుపట్టలేదు. అరవై ఏళ్ళ సూది ఆ గీతలన్నీ తినేసింది. అయితే ఇది పెట్టుకోండని ఎర్రదారంతో కాగితం మూలకి నాలుగు కుట్లు వేసిచ్చాను. ఎవరిని అడిగినా చెబుతారు అది ఎవరి కుట్టో.

బిడ్డ ఇవాళ బొంత దిగాడు. రేపు పురుటి స్నానం. మేదిని గారు వాడికి కొత్త చొక్కా తెచ్చారు, పసుపు రంగుది. ఇక వెయ్యొచ్చు. బొంత ఉతికి ఆరేశాను, రెండో గదిలో ఇంకో పిల్ల ఎదురుచూస్తోంది.

ఒకటే మిగిలింది. ముప్పై బొంతల మీద నేరం లేదన్నారు, బిడ్డది బిడ్డకే అన్నారు. ఈ పట్టీ మాట ఎవరూ ఎత్తలేదు, కనక నేనే చెబుతున్నాను. ఇది ముప్పై రెండోది, రాసుకోండి. ఇదీ తప్పేం కాదు.

చెయ్యి తిప్పే అన్నాను.